నాలుగో నంబరు రక్తం

మార్చి 3, సోమవారం

ఈరోజు నాలుగో నంబరు దూడకి ప్లీహం తీసేశాం. గంటా పది నిమిషాలు పట్టింది. కోసింది సర్జన్ గారు, తల పట్టుకున్నది దొడ్డి మేస్త్రి, ట్రే అందించింది నేను. బయటికొచ్చిన ప్లీహం నాలుకలా పొడుగ్గా, నీలిరంగులో ఉంది. స్టీలు బేసిన్లో పెట్టి తూకం వేసి కార్డు మీద రాశాను. మత్తు దిగాక దూడ లేచి నిలబడింది. కాసేపు తూలి, ఏమీ జరగనట్టు పాల సీసా కోసం నా చొక్కా నాకింది.

మీ ల్యాబ్‌వాళ్లు ఆరోగ్యంగా ఉన్న దూడ పొట్ట కొయ్యడమేంటి బావా, పాపం తగలదా అని మా బావమరిది ఎప్పుడూ అడుగుతాడు. వాడు సిటీ బస్సు డ్రైవరు. పదిసార్లు చెప్పాను. పిడుదు కుట్టినప్పుడు దాని నోట్లోంచి ఒక పురుగు పశువు రక్తంలోకి వెళ్తుంది. పురుగంటే పాకేది కాదు, మైక్రోస్కోప్‌లో తప్ప కనపడనిది. మా ల్యాబ్‌లో అలాగే అంటాం. ఎర్రకణంలో దూరుతుంది, అక్కడే రెండవుతుంది, కణాన్ని పగలగొట్టుకుని వచ్చి పక్క కణాల్లో దూరుతుంది. నాలుగైదు రోజుల్లో మూత్రం ఎర్రగా వస్తుంది. పెద్ద పశువైతే వారం తిరక్కుండా పడిపోతుంది. దానికి టీకా తయారు చెయ్యాలంటే ముందు ఆ పురుగే కోట్లలో కావాలి. మామూలు దూడలో పెంచుదామంటే ప్లీహం ఊరుకోదు. పురుగు పట్టిన కణాన్ని పట్టుకుని నలిపేస్తుంది. అది తీసేస్తే ఇక అడ్డూ ఆపూ ఉండదు.

ఇదంతా విని వాడు, అయితే నిన్ను కూడా దూడల కొట్టంలో కట్టేయొచ్చు బావా అని నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే నాకూ ప్లీహం లేదు. ఐదేళ్ల కిందట వాడి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వెళ్తుంటే లారీ తగిలింది. వాడికి మోచెయ్యి గీసుకుపోయింది. నాకు ప్లీహం పగిలి లోపలంతా రక్తం. వేరే ఊళ్లో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆఫీసుకి పక్కటెముకలు విరిగాయని సెలవు చీటీ రాశాను. పక్కటెముకలు కూడా విరిగాయి, అది అబద్ధం కాదు.

మార్చి 5, బుధవారం

ఏటా మార్చిలో సేఫ్టీ క్లాస్. ఈ ల్యాబ్‌లో పదహారేళ్ల సీనియర్ని కాబట్టి కొత్తవాళ్లకి నేనే చెప్తాను. చేతికి సూది గుచ్చుకుంటే గంటలోపు తలుపు పక్కనున్న రిజిస్టర్లో రాయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ప్లీహం లేనివాళ్లు లైవ్ గదిలో, అంటే బతికున్న పురుగుతో పని చేసే చోట, అడుగు పెట్టకూడదు. ఈ పురుగు మామూలు మనిషిని ఏమీ చెయ్యదు, ప్లీహం లేని మనిషిని చంపుతుంది. ఈరోజు కూడా గొంతు తడబడకుండా చదివాను. ఒకమ్మాయి చెయ్యెత్తి, ప్లీహం లేనివాళ్లు ఎవరుంటారు సార్ అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత అందరితోపాటు ఫారం నింపాను. ప్లీహం తీసేశారా అన్నచోట, లేదు అని టిక్ పెట్టాను. ఇది ఐదో టిక్.

ఎందుకు పెట్టానో ఇక్కడైనా రాసుకోవాలి. నిజం రాస్తే మర్నాడే స్టోర్ రూమ్‌కి పంపేస్తారు. గ్లవ్స్ పెట్టెలు లెక్కపెట్టుకుంటూ రిటైరవ్వాలి. నాకు చదువు అంతంతమాత్రం. ఆటలు రావు, మాటలు రావు. వచ్చిందల్లా ఒక్కటే. రంగు వేసిన రక్తపు స్లైడు మీద, వేల కణాల మధ్య, ఒక్క పురుగు ఎక్కడున్నా నా కన్ను పట్టేస్తుంది. మా ఆవిడ కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. నలభై ఆరు దాటినా మీకు అద్దాలు రాలేదేంటండీ, షాపు పరువు పోతోంది అంటుంది. అది పొగడ్తని నాకు తెలుసు. ఆ ఒక్క పొగడ్తా లేకుండా నేనెలా బతకను?

ఆపరేషన్ అయిన ఏడాదే నన్ను లైవ్ గదిలోంచి ఫైళ్ల గదికి మార్చారని మా ఆవిడకి చెప్పాను. అప్పట్నుంచీ అదే అబద్ధం. నమ్మింది. ఆ రోజు సంతోషం పట్టలేక నాకు కొత్త చెప్పులు కొనిపెట్టింది.

మార్చి 10, సోమవారం

ఫ్రీజర్‌లోంచి పురుగు తీసి నాలుగో నంబరుకి ఎక్కించాం. కుట్లు బాగా మానాయి. దానికి ఎడంపక్క, నాకూ ఎడంపక్కే. బట్టలు మార్చుకునే గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి చూసుకున్నాను. పిచ్చి పని.

మార్చి 13, గురువారం

నాలుగో నంబరు: పొద్దున వంద కణాల్లో రెండింటికి పురుగు. సాయంత్రం నాలుగు.

మార్చి 14, శుక్రవారం

పదకొండు.

భూతద్దం కూడా పదకొండే అంది. భూతద్దం అంటే మా రెండో రీడర్ మేడమ్. ముప్ఫయ్యేళ్లుగా పశువుల రక్తం చూస్తోంది. ఆ పేరు నేనే పెట్టాను, ఆవిడకి తెలుసు, కోపం లేదు. మా దగ్గర పద్ధతేంటంటే ప్రతి స్లైడూ ఇద్దరు చూడాలి. దూడ నంబరు మీద టేపు అంటించి, పైన ఏ, బీ, సీ అని రాసి నేను పంపుతాను. ఏది ఏ దూడదో ఆవిడకి తెలియదు. ఆవిడ లెక్క ఆవిడ రాస్తుంది, నా లెక్క నేను రాస్తాను. తర్వాత కలిపి చూస్తాం. పదహారేళ్లలో మా ఇద్దరి లెక్కా తేడా వచ్చింది తొమ్మిదిసార్లే. అందులో ఆరుసార్లు తప్పు నాదేనని ఆవిడ వాదన. నాలుగేనని నా వాదన.

మార్చి 15, శనివారం

పొద్దున్నే జరిగింది. రాయడానికి మధ్యాహ్నం దాకా చెయ్యి రాలేదు.

నాలుగో నంబరు కళ్లు తేలేసింది. ఒళ్లు కాలిపోతోంది, చిగుళ్లు పాలిపోయాయి. మెడలోంచి రక్తం తీశాను. సూది బయటికి లాగుతుండగా అది తల విదిలించింది. అంత నీరసంలో దానికా బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! సూది గ్లవ్ దాటి నా ఎడమ బొటనవేలిలో దిగింది. మేస్త్రి అప్పుడు గడ్డి తేవడానికి వెళ్లాడు. ఎవరూ చూడలేదు.

పంపు కింద పావుగంట కడిగాను, పిండాను, స్పిరిట్ పోశాను. తర్వాత రిజిస్టర్ ముందు నిలబడ్డాను. పెన్ను తీశాను కూడా. అక్కడ రాస్తే డాక్టర్ దగ్గరికి పంపుతారు. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు, నేనే కదా ఏటా చదివేది. చొక్కా ఎత్తితే చాలు, ఐదు టిక్కులూ బయటపడతాయి. ఉద్యోగం సంగతి సరే. మా ఆవిడ మొహం ఎలా చూడను?

ఈ పదహారేళ్లలో నాకు నాలుగుసార్లు గుచ్చుకుంది, ఏమీ కాలేదని సర్దిచెప్పుకున్నాను. ఆ నాలుగుసార్లూ ప్లీహం ఉందన్న సంగతి పక్కన పెట్టాను. పెన్ను జేబులో పెట్టుకుని బయటికొచ్చాను.

ఆ రక్తంలో వందకి ముప్ఫై.

మార్చి 16, ఆదివారం

ఏమీ లేదు. బొటనవేలి మీద మచ్చ కూడా లేదు.

మార్చి 17, సోమవారం

నాలుగో నంబరుని పూర్తిగా దించేశాం. దించడం అంటే మత్తిచ్చి, మెడ దగ్గర గొట్టం పెట్టి, ఉన్న రక్తమంతా సీసాల్లోకి పట్టడం. ఏడు సీసాలు వచ్చాయి. వందకి నలభై ఒకటి. డైరెక్టరు గారు సీసా వెలుతురుకి పెట్టి చూసి, వేల దూడలకి సరిపోతుందయ్యా అని భుజం తట్టారు. ఎప్పుడూ భుజం తట్టని మనిషి.

మేస్త్రి దూడ కళ్లు మూసి, చెవికున్న నంబరు కత్తిరించి నాకిచ్చాడు. ప్రతిసారీ అదే పని. ప్రతిసారీ నేను దాన్ని డబ్బాలో వేస్తాను. ఈసారి వెయ్యలేక కాసేపు చేతిలో పెట్టుకున్నాను. ఏంటి సార్ కొత్తగా జాలి అన్నాడు. నోర్ముయ్యి అన్నాను. పాపం, వాడేం చేశాడు.

మార్చి 20, గురువారం

అసలు ట్రయల్ మొదలైంది. ప్లీహం ఉన్న దూడలు ఎనిమిది, పదకొండు నుంచి పద్దెనిమిది దాకా. నాలుగింటికి నెలన్నర కిందటే టీకా వేశాం, నాలుగింటికి వెయ్యలేదు. టీకా పని చేస్తుందో లేదో చూడటానికి ఈరోజు ఎనిమిదింటికీ నాలుగో నంబరు రక్తం ఎక్కించాం, ఒక్కోదానికీ కొలిచి.

ఇక చూడాల్సింది వాటి ఒళ్లు ఏం చేస్తుందన్నదే. మొదట ప్లీహం తిరగబడుతుంది. ఆ కొట్లాటలోనే శత్రువు ఎలా ఉంటాడో ఒంటికి గుర్తు పడుతుంది. వారం పది రోజుల్లో యాంటీబాడీలు వస్తాయి. టీకా వేసినవాటికి ఆ గుర్తు ముందే ఉంటుంది కాబట్టి జ్వరం తగిలీ తగలనట్టు పోతుంది. వింతేంటంటే, ఈ జబ్బుని పెద్ద ఆవుల కన్నా చిన్న దూడలే బాగా తట్టుకుంటాయి. ఎందుకో ఇంకా పూర్తిగా ఎవరికీ తెలియదు. డైరెక్టరు గారు దాని మీదే పదేళ్లుగా పేపర్లు రాస్తున్నారు.

ఎనిమిది దూడలకి, ఒక మనిషికి నాలుగో నంబరు రక్తం ఎక్కింది. తొమ్మిదోవాడికి ఎంత ఎక్కిందో కొలవలేదు.

మార్చి 23, ఆదివారం

మా ఆవిడతో కలిసి బావమరిది వాళ్లింటికి వెళ్లాం. మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. ఏం బావా, ఫైళ్లు మోసి మోసి అలిసిపోయావా అని వాడు ఆటపట్టించాడు. ఫైళ్ల మధ్య కూర్చుని ఒళ్లు బరువెక్కిందని మా ఆవిడ అందుకుంది. రేపట్నుంచి పొద్దున్నే నడిపిస్తుందట. సరేనన్నాను.

మార్చి 25, మంగళవారం

ఒళ్లు నొప్పులు. ఆఫీసులో ఏసీ ఎక్కువ పెడుతున్నారు.

మార్చి 26, బుధవారం

ఏసీ కాదు.

మధ్యాహ్నం చలి పుట్టింది. పశువుల థర్మామీటర్‌తోనే చూసుకున్నాను. నూటమూడు దాటింది. దొడ్లో పన్నెండో నంబరుకి కూడా అంతే ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. రేపో ఎల్లుండో అది లేచి గంతులేస్తుంది.

ఇంటికొస్తే మా ఆవిడ నుదురు ముట్టుకుని, వాతావరణం మారింది కదా అని మిరియాల కషాయం పెట్టింది. తాగాను. దగ్గర కూర్చుని తల నొక్కింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఇంకాస్త కషాయం కావాలా అని అడిగింది. రెండుసార్లూ కావాలన్నాను.

మార్చి 27, గురువారం, పొద్దున ఆరు

మూత్రం ఎర్రగా వచ్చింది.

నీళ్లు పోసేశాను. మా ఆవిడ తలుపు కొట్టి, షాపుకి టైమవుతోంది త్వరగా రండి అంది.

అదే రోజు, పదకొండున్నర

వేలు గుచ్చుకుని నా రక్తం స్లైడు మీద పరిచాను. రంగు వేశాను, ఆరబెట్టాను. చూశాను.

ఏవో ఉన్నాయి. కణాల్లో నల్లటి చుక్కలు. రంగు సరిగ్గా వడకట్టకపోతే కూడా అలాంటివి వస్తాయి. రంగు మచ్చలే అనుకున్నాను. మళ్లీ చూశాను. పురుగే అనుకున్నాను. దూడదైతే ఐదు నిమిషాల్లో తేల్చేవాణ్ణి. నాది కాబట్టి అరగంట చూసినా ఎటూ తేలలేదు. వాటిని లెక్కపెట్టబోతే పదో కణం దగ్గర ఎక్కడున్నానో మర్చిపోతున్నాను. పదహారేళ్లలో మొదటిసారి నా కన్ను నాకు పనికి రాలేదు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. ఇంకో కన్ను ఉంది కదా. భూతద్దానికి పంపాల్సిన ఎనిమిది స్లైడుల్లోంచి పదహారో నంబరు దూడది తీసి డ్రాయర్లో పెట్టాను. దాని స్థానంలో నాది పెట్టి, టేపు అంటించి, ఎఫ్ అని రాశాను. ఎవరిదో తెలియకుండా చూస్తుంది. ఆవిడ లెక్క తప్పదు. సున్నా అంటే సున్నా. సున్నా కాకపోతే రేపు ఏదో ఒకటి చేస్తాను. మనసులో చచ్చినంత భయం, అయినా నా తెలివికి నేనే కాస్త మురిసిపోయాను.

అదే రోజు, నాలుగు

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడింటికి భూతద్దం మా గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు, కాగితం పంపుతుంది. చేతిలో ఎఫ్ స్లైడు. తలుపు దగ్గరికి వేసింది. ఇది ఏ దూడది అని అడిగింది. పద్ధతి ప్రకారం చెప్పకూడదు మేడమ్ అన్నాను. పద్ధతి గంగలో కలవనీ, ఇది అసలు దూడదే కాదు అంది.

ఆవు కణం చిన్నది. మనిషి కణం దాని కన్నా పెద్దది, ఎంత లేదన్నా మూడోవంతు ఎక్కువ. లోకంలో ఇంకెవరికీ తెలియకపోయినా మాకిద్దరికీ తెలియాలి. పొద్దున అరగంట ఆ స్లైడు మీద పడి ఏడ్చానే, కణాలు పెద్దగా ఉన్నాయని చూశాను కూడా. పల్చగా పరిచినట్టున్నాను అనుకున్నాను. నంబరు మీద టేపు అంటించి, దాచాల్సిందంతా దాచేశాననుకున్నాను. ఇంకెవరైనా అయితే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్లు. మా పని చేసేవాళ్లే ఇలా దూడల వరసలో నిలబడతారు.

ఆవిడ నన్ను కిటికీ దగ్గరికి లాగి, కింది రెప్ప దించి చూసింది. పచ్చగా ఉందంది. ఎప్పుడు గుచ్చుకుందని అడిగింది. పదిహేనో తేదీ అన్నాను. రిజిస్టర్లో లేదేం అంది. అప్పుడు చొక్కా ఎత్తాను.

తిడుతుందనుకున్నాను. స్టూలు మీద కూలబడిపోయింది. ముప్ఫయ్యేళ్లలో ఆవిడ చేతిలోంచి స్లైడు జారి పగలడం ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను. ఎంత మేడమ్ అని అడిగాను. పన్నెండు అంది. రాయొద్దు మేడమ్ అని బతిమాలాను. ముందు ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పి, రేపు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్తానన్నాను. రేపటికి ఎంతవుతుందో లెక్క వచ్చినవాడివే కదా చెప్పు అంది. నాలుగో నంబరుకి పదకొండు, మర్నాడు ముప్ఫై.

ఆవిడ ఆటో పిలవడానికి వెళ్లింది. ఇది రాస్తూ కూర్చున్నాను. పదహారో నంబరు స్లైడు నా డ్రాయర్లోనే ఉంది, మర్చిపోకుండా చెప్పాలి.

మార్చి 28, శుక్రవారం, ఆస్పత్రి

నిన్న ఇక్కడి ల్యాబ్ వాళ్లు చూసి మలేరియా అన్నారు. దోమల కాలం కదా అన్నాడు కుర్ర డాక్టర్. భూతద్దం ఆయన మీద విరుచుకుపడింది. చెక్కపెట్టెలోంచి దూడల స్లైడులు తీసి, నాది పక్కన పెట్టి, జంటగా బేరిపండ్లలా ఉన్నాయే, మలేరియాలో ఇలా ఎక్కడైనా చూశావా నాయనా అని నిలదీసిందట. ఆయన చూశాడు. పెద్ద డాక్టర్ని పిలిచాడు. ఆయనా చూసి ఫోన్లు చేశాడు. ఇక్కడ ఈ జబ్బు మనిషికి రావడం వాళ్లెవరూ చూడలేదు.

మందులు మొదలుపెట్టారు. రాత్రంతా రక్తం మార్చారు. ఒక చేతిలోంచి లాగడం, ఇంకో చేతికి ఎక్కించడం. బావమరిది గ్రూపు కలిసింది. ఇచ్చేశాక వచ్చి, ఇక నీ ఒంట్లో డ్రైవరు రక్తం బావా, రోడ్డు మీద ఎవరైనా అడ్డొస్తే బూతులు వాటంతటవే వస్తాయి అన్నాడు. వెంటనే గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆ రోజు నేను స్పీడుగా పోనివ్వకుండా ఉండాల్సింది అన్నాడు. నీ తప్పేం లేదురా, ప్లీహం పోయినా మనిషి నిండు నూరేళ్లు బతకొచ్చు, దూడల కొట్టం దరిదాపులకి పోకుండా ఉంటే అన్నాను.

మా ఆవిడకి భూతద్దమే చెప్పింది. ఫైళ్ల గది లేదని కూడా చెప్పాల్సి వచ్చింది. నేను చెప్పాల్సిన మాట ఇంకొకరి నోట విందని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మా ఆవిడ వచ్చింది. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మంచం దగ్గరికి రాలేదు.

మార్చి 29, శనివారం

రక్తం మార్చాక వందకి ఐదు. డాక్టర్ సంతోషపడ్డాడు. నేనూ పడ్డాను. మా ఆవిడ మాట్లాడలేదు. నర్సు అడిగిన వాటికి మాత్రం నా గురించి అన్నీ చెప్పింది. ఏ మందు పడదు, ఏ పక్కకి తిరిగి పడుకుంటాను, నీళ్లు ఎంత తాగుతాను. నేను ఆ గదిలో లేనట్టే చెప్పింది.

డైరెక్టరు గారు వచ్చారు. పళ్లు తెచ్చారు. గొంతు తగ్గించి, ఈ సంగతి ల్యాబ్‌లో ఎవరికైనా ముందే తెలుసా అని అడిగారు. ఎవరికీ తెలియదు సార్, టిక్కులు నావే అన్నాను. కుదుటపడ్డారు. వెళ్తూ వెళ్తూ, ఎనిమిది దూడలూ కోలుకుంటున్నాయయ్యా, టీకా వేసినవాటికి రెండు రోజులే జ్వరం అన్నారు. నాకు నిజంగానే సంతోషం వేసింది. నన్ను బాగుచెయ్యడం ఎవరివల్లా కాదు, అప్పుడు కూడా గ్రాఫ్ ఎలా వచ్చింది సార్ అని అడిగాను.

మార్చి 30, ఆదివారం

తొమ్మిది. మళ్లీ పెరుగుతోంది. మూత్రం రోజంతా కలిపి చిన్న గ్లాసుడు కూడా రాలేదు. కిడ్నీలు మొరాయిస్తున్నాయట. మెడ దగ్గర గొట్టం వేశారు. ఆ గొట్టం ఎక్కడ వెయ్యాలో నాకు ముందే తెలుసు.

భూతద్దం రోజూ రెండుపూటలా వస్తోంది. నా స్లైడు ఆవిడే చూస్తోంది. పదహారో నంబరు స్లైడు సంగతి చెప్పాను. డ్రాయర్లోంచి తీసి చూసిందట, వందకి ఒకటి, రికార్డులో ఎక్కించింది. మన ఎలైజా ప్లేటు మీద నా రక్తం కూడా ఒక చుక్క వేసి చూడండి మేడమ్, యాంటీబాడీలు ఏమైనా వస్తున్నాయేమో అన్నాను. బుద్ధి ఉందా, ఆ ప్లేటు పశువుల యాంటీబాడీలనే గుర్తుపడుతుంది, నిన్నెలా గుర్తుపడుతుంది అని కసిరింది. తర్వాత, అయినా ఒకసారి వేసి చూస్తాలే అంది. పనికిరాదని తెలిసి కూడా వేస్తానన్నదంటే ఆవిడకి నా మీద ఎంత ప్రేమో.

మార్చి 31, సోమవారం, మధ్యాహ్నం

మా ఆవిడ నోరు విప్పింది.

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి నన్ను నువ్వు అంది. నువ్వు మనిషివేనా అంది. ఐదేళ్లు రోజూ పొద్దున నవ్వుతూ పంపించాను కదరా నిన్ను, ఎక్కడికి పంపుతున్నానో తెలియకుండా పంపించాను కదరా అంది. స్టోర్ రూమ్‌లో గ్లవ్స్ లెక్కపెట్టుకునేవాడితో నేను కాపురం చెయ్యనని నీకెవరు చెప్పారు అంది. నీ కళ్లు చూసే నిన్ను చేసుకున్నాననుకున్నావా అంది. వార్డంతా వింటోంది. పక్క మంచం ముసలాయన దుప్పటి కప్పుకుని నిద్ర నటించాడు. నయమై ఇంటికి రా, నీ సంగతి చెప్తా, ఏడాది నీతో మాట్లాడను అంది.

ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చింది. పోయేవాడి మీద ఎవరూ ఇంత కోపం పెట్టుకోరు. ఏడాది మాట్లాడనన్నదంటే నాకు ఏడాది ఉందని ఆవిడ నమ్ముతోంది. ఇంకాస్త తిట్టు అన్నాను. తిట్టింది. కుర్చీ మాత్రం తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

ఈ పూట స్లైడు: పదిహేడు. రేపు మళ్లీ రక్తం మారుస్తారు.

ఏప్రిల్ 1, మంగళవారం

రక్తం మార్చారు. సాయంత్రం భూతద్దం వచ్చింది. నాతో మాట్లాడకుండా మా ఆవిడని వరండాలోకి తీసుకెళ్లింది.

మా ఆవిడ లోపలికొచ్చింది. కుర్చీ వైపు వెళ్లలేదు. ఏవండీ, కాస్త జరగండి అంది. గొట్టాలు పక్కకి సర్ది, చెప్పులైనా విప్పకుండా మంచం మీద నా పక్కన పడుకుంది. నర్సు కేకలేసింది. లేవలేదు.

ఎంత వచ్చిందని నేను అడగలేదు.